ముంచుకొస్తున్న గ్రహశకలం: టీవీకో లెక్క, సినిమాకో లెక్క

గ్రహశకలం వార్త రాగానే యూట్యూబ్ నిండా ఒకటే బొమ్మ. సగం భూమి, దానికి జానెడు దూరంలో భగభగ మండుతున్న కొండ, మధ్యలో ఎర్ర బాణం, కింద "అంతం ఆ రోజేనా?" అని పసుపు అక్షరాలు. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో 2024 వైఆర్4 అనే గ్రహశకలం పుణ్యాన ఈ బొమ్మ అరిగిపోయేదాకా తిరిగింది. ఆ వార్త అబద్ధం కాదు, అది భూమిని ఢీకొనే అవకాశమంటూ అందులో చెప్పిన శాతాలూ అబద్ధం కాదు. ఆ శాతం ఎందుకు పెరిగిందో మాత్రం ఎక్కువమంది చెప్పలేదు. ఒక్కసారిగా సున్నాకు పడిపోయాక "నాసా మాట మార్చింది" అన్నవాళ్ళు కనిపించారు. మాట మార్చలేదు. కొలత మెరుగైంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఇకమీదట వచ్చే ప్రతి గ్రహశకలం వార్తనూ కంగారు లేకుండా చదవొచ్చు, గ్రహశకలం సినిమాను రెట్టింపు సరదాగా చూడొచ్చు.

ముందు జరిగింది చూద్దాం. చిలీలోని అట్లాస్ టెలిస్కోపు 2024 డిసెంబర్ 27న దీన్ని పట్టుకుంది. అప్పటికే అది మనకు 8 లక్షల కిలోమీటర్ల చిల్లర దూరంలో, అంటే చంద్రుడికి రెట్టింపు దూరంలో, రెండు రోజుల ముందే దాటి వెళ్ళిపోయింది. సూర్యుణ్ణి చుట్టడానికి దానికి సుమారు 4 ఏళ్ళు పడుతుంది కాబట్టి అనుమానమంతా 2032 డిసెంబర్ 22 మీద పడింది. జనవరి చివరికి ఢీకొనే అవకాశం 1 శాతం దాటింది. 10 మీటర్లకు మించిన రాయికి 1 శాతం దాటితే అంతర్జాతీయంగా హెచ్చరిక పంపాలని ముందే పెట్టుకున్న నియమం ఉంది, పంపారు. ఫిబ్రవరి 18న 3.1 శాతం. 24వ తేదీకల్లా ఆ అవకాశం లేనట్టే అని తేలిపోయింది.

పెరిగి పెరిగి సున్నా కావడమేమిటి? కోస్తావాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు, ప్రతి తుఫానుకూ చూస్తున్నదే. 2025 అక్టోబరులో మొంథా తుఫాను మచిలీపట్నం, కళింగపట్నం మధ్య, కాకినాడ చుట్టుపక్కల తీరం దాటుతుందని ముందు చెప్పారు. దాటింది నరసాపురం దగ్గర. అంచనా గీత పొడుగ్గా ఉన్నంతసేపు అందులో ఒక్కో ఊరి వాటా చిన్నది. గీత కుదించుకుపోతున్నకొద్దీ లోపల మిగిలిన ఊళ్ళ వాటా పెరుగుతుంది. చివరికి గీత పక్కకు జరిగి, మొన్నటిదాకా వణికిన ఊరు బయటపడుతుంది.

గ్రహశకలానికీ అంతే. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేసుకుందాం. ఆ రోజున ఆ రాయి ఉండగల చోట్లన్నీ కలిపితే 10 లక్షల కిలోమీటర్ల గీత వచ్చిందనుకోండి. భూమి అడ్డకొలత 12,700 కిలోమీటర్లు. గీత మీద భూమి ఉంటే అవకాశం 1.27 శాతం. నాలుగు వారాలు చూశాక గీత 4 లక్షలకు తగ్గింది, భూమి ఇంకా గీత మీదే ఉంది, అవకాశం 3.2 శాతం. రాయి దారి మారలేదు, భూమి కదిలి ఎదురెళ్ళలేదు, విభాజకం తగ్గిందంతే. ఇంకో వారం చూస్తే గీత లక్షకు తగ్గి భూమి దానికి బయట పడింది. సున్నా. అంటే తప్పిపోబోయే రాయికి కూడా ముందు శాతం పెరగడమే మామూలు. తుఫానుకు గాలులు దారి మారుస్తాయి. ఈ రాయి దారి గురుత్వాకర్షణ ఎప్పుడో గీసిపెట్టింది, మసక మన చూపులోనే ఉంది.

ఆ మసక పోగొట్టే పని చాలా ఓపికైనది. రాత్రికి నాలుగైదు ఫొటోలు తీసి, వెనకున్న నక్షత్రాలతో పోల్చి రాయి ఎక్కడుందో గుర్తిస్తారు. నక్షత్రాల స్థానం ఎంత కచ్చితంగా తెలిస్తే రాయి స్థానం అంత కచ్చితం. ఇప్పుడు గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల పట్టిక వాడుతున్నారు. వందేళ్ళ కిందట ఇదే పనికోసం దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని కొలిచినప్పుడు, మన హైదరాబాద్ నిజామియా వేధశాల తన వాటా నక్షత్రాలను కొలిచి సంపుటాలుగా అచ్చు వేసింది. గాజు పలకల మీద చుక్కలను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా చూసి రాసుకున్న రోజులవి. సినిమా తీస్తే వీళ్ళ మీద తీయాలి!

ఇక సైజు సంగతి. వైఆర్4 "40 నుంచి 90 మీటర్లు" అని మొదట చెబితే, ఇంత తేడాతో చెప్పడం కూడా చెప్పడమేనా అని చాలామంది వెక్కిరించారు. టెలిస్కోపులో రాయి ఒక చుక్క. కనిపించేది వెలుగు మాత్రమే. బొగ్గులాంటి రాయి తన మీద పడ్డ వెలుగులో 5 శాతం తిప్పి పంపుతుంది, తెల్లటి రాయి 25 శాతం పంపుతుంది. ఒకే వెలుగు కనిపించాలంటే నల్లరాయి అడ్డకొలత తెల్లరాయికన్నా రెండింతల పైచిలుకు ఉండాలి. 40, 90 ఇలా వచ్చినవే. వేడిని చూడగల, అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2025 మార్చిలో చూసి 60 మీటర్ల దగ్గర తేల్చింది. కాబట్టి వార్తలో "మూడు ఏనుగులంత, రెండు బస్సులంత" అని ఒకే కొలత కనబడితే దాన్ని సగం నుంచి రెట్టింపు దాకా సాగదీసుకుని చదవండి.

వార్త చదివేటప్పుడు నేను నమ్మే వరుస ఇది: ముందు దూరం చూడాలి. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు, "అతి దగ్గరగా" అన్నది దీనికి ఎన్ని రెట్లో భాగించాలి. చాలాసార్లు పది, ఇరవై రెట్లు వస్తుంది. తర్వాత "ప్రమాదకర గ్రహశకలం" అన్న మాట. అది కేవలం ఒక వర్గం పేరు. కక్ష్య భూకక్ష్యకు 75 లక్షల కిలోమీటర్ల లోపు వచ్చి, రాయి సుమారు 140 మీటర్లు మించితే ఆ పేరు పెడతారు. ఈ వారం మీద పడుతుందని కాదు. ఆఖరున, ఢీకొనే అవకాశం కాస్తయినా ఉన్న రాళ్ళను చేర్చే నాసా వాళ్ళ సెంట్రీ పట్టిక తెరిచి ఆ రాయి పేరు వెతకాలి. పేరు లేకపోతే వచ్చే వందేళ్ళకు లెక్కలో ముప్పేమీ లేదని అర్థం. ఉంటే ఎన్ని రోజుల పరిశీలన మీద ఆ లెక్క వేశారో చూడాలి. 5 రోజుల పరిశీలన మీద వచ్చిన శాతానికి నిద్ర పాడుచేసుకోకండి.

సినిమాలకు వద్దాం. 1998లో వచ్చిన ఆర్మగెడాన్ అంటే నాకు ప్రేమే, కానీ లెక్క ముందు అది ఒక్క నిమిషం నిలబడదు. టెక్సస్ రాష్ట్రమంత గ్రహశకలం, 18 రోజుల గడువు. టెక్సస్ అంటే ఆ కొస నుంచి ఈ కొసకు సుమారు 1,200 కిలోమీటర్లు. గ్రహశకలాలన్నిటిలో పెద్దదైన సెరిస్ అడ్డకొలత 940 కిలోమీటర్లు, దాన్ని 1801 జనవరి 1న ఇటలీ ఖగోళవేత్త పియాజీ కనిపెట్టేశాడు. కరెంటు దీపం కూడా లేని కాలంలో దొరికిన దానికన్నా పెద్ద రాయి, అన్ని టెలిస్కోపుల కళ్ళుగప్పి 18 రోజుల దూరం దాకా వచ్చిందట! పెళ్ళి పందిట్లోకి ఏనుగు నడిచొచ్చి పీట మీద కూర్చునేదాకా ఎవరూ చూడలేదన్నట్టుంది.

అక్కడితో ఆగలేదు. 800 అడుగులు తవ్వి బాంబు పెట్టి రెండు ముక్కలు చేస్తారు. 800 అడుగులంటే 244 మీటర్లు, 1,200 కిలోమీటర్లలో దాదాపు ఐదువేలో వంతు. అడుగు అడ్డకొలత ఉన్న గుమ్మడికాయ మీద వెంట్రుక మందం గాటు పెట్టి, అందులో చిచ్చుబుడ్డి కూరి, కాయ రెండుగా పగలాలని కోరుకోవడమే. అంత రాయిని దాని సొంత గురుత్వాకర్షణే పట్టి ఉంచుతుంది, ముక్కలైనా మళ్ళీ అతుక్కుంటుంది. విడదీసి ఉంచాలంటే, ఇప్పటిదాకా పేల్చిన అణ్వాయుధాల్లో పెద్దదైన 50 మెగాటన్నుల జార్ బాంబాలు పదుల కోట్ల సంఖ్యలో కావాలి.

అదే ఏడాది వచ్చిన డీప్ ఇంపాక్ట్ చాలా నయం. తోకచుక్క సైజు 11 కిలోమీటర్లు, గడువు నెలల్లో ఉంటుంది, బాంబు పెట్టినా పూర్తిగా పని చేయదు, చిన్న ముక్క సముద్రంలో పడనే పడుతుంది. 2018లో తమిళంలో వచ్చి మనకు డబ్బింగైన టిక్ టిక్ టిక్‌లో రాయి బంగాళాఖాతం మీదికి వస్తుంది, అణ్వాయుధం కోసం అంతరిక్షంలో దొంగతనం చేస్తారు. మన తీరాన్ని కథలోకి తెచ్చినందుకు మెచ్చుకుంటాను, మిగతాది గాలి కబుర్లు. నా ఓటు మాత్రం 2021 నాటి డోంట్ లుక్ అప్‌కే. నిజంగా గ్రహశకలాలు వెతికే ఖగోళ శాస్త్రవేత్త ఎమీ మైంజర్ దానికి సలహాదారు. కొలిచి, కక్ష్య గీసి, మళ్ళీ మళ్ళీ సరిచూసుకునే తొలి దృశ్యంలోనే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఈ సినిమాలన్నీ చేసే పెద్ద తప్పు బాంబు కాదు, గడువు. భూమి వ్యాసార్ధం సుమారు 6,400 కిలోమీటర్లు, రాయిని అంత పక్కకు జరిపితే చాలు. 18 రోజుల ముందు నెడితే దాని వేగం సెకనుకు 4 మీటర్లు మారాలి. పదేళ్ళ ముందు నెడితే 2 సెంటీమీటర్లు సరిపోతుంది, కదిలే దిశలోనే తోస్తే కక్ష్య సమయం మారి ఇంకా తక్కువే చాలు. చీమ నడక! కొండకు వెంట్రుక కట్టి లాగడమనే సామెత మనం ఎకసెక్కానికి వాడతాం కానీ, ఇక్కడ అదే అసలు ఇంజనీరింగు. లాగడానికి పదేళ్ళు దొరకాలి, అంతే.

2022 సెప్టెంబర్ 26న ఆ వెంట్రుక కట్టి చూశారు. 600 కిలోలకు కాస్త తక్కువ బరువున్న నాసా వాళ్ళ డార్ట్ నౌక సెకనుకు 6.1 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, 160 మీటర్ల డైమార్ఫస్ అనే గ్రహశకలాన్ని గుద్దింది. ఆ రాయి బరువు 400 కోట్ల కిలోలకు పైనే. వేగంలో వచ్చిన మార్పు సెకనుకు 3 మిల్లీమీటర్ల లోపు. అంత చిన్న మార్పును కోటి కిలోమీటర్ల అవతల కొలవడం ఎలా? అందుకే ఒంటరి రాయిని కాకుండా, డిడిమోస్ అనే పెద్ద రాయి చుట్టూ తిరిగే దాన్ని ఎంచుకున్నారు. చిన్నది పెద్దదాని ముందుకో వెనక్కో వెళ్ళినప్పుడల్లా వెలుగు కొద్దిగా తగ్గుతుంది, నేల మీది టెలిస్కోపులతో గడియారం పెట్టుకుని చూడొచ్చు. 11 గంటల 55 నిమిషాల చుట్టు 32 నిమిషాలు తగ్గింది. 73 సెకన్లు తగ్గినా విజయమే అనుకున్నారు! నౌక తోపు కన్నా, గుద్దిన చోట నుంచి ఎదురుగా ఎగిరిపడ్డ రాళ్ళూ దుమ్మూ ఇచ్చిన తోపే ఎక్కువ. మొత్తం కలిపి నౌక తోపుకు మూడున్నర రెట్లు వచ్చింది. రాయి ఎంత గుల్లగా ఉందన్న దాని మీద ఈ రెట్లు మారతాయి కాబట్టి, గుంట ఎలా ఉందో చూడటానికి 2024 అక్టోబర్ 7న యూరప్ వాళ్ళ హెరా నౌక బయల్దేరింది. ఈ వార్తకు మన ఛానళ్ళు ఇచ్చిన సమయం, వైఆర్4 భయానికి ఇచ్చిన దాంట్లో పదో వంతైనా ఉంటే బాగుండేది.

అణుబాంబు పూర్తిగా పనికిరానిదా అంటే, కాదు. గడువు తక్కువై, రాయి పెద్దదైతే చివరి దారి అదే. కానీ తవ్వి లోపల పెట్టరు, కొంచెం దూరంలో పేలుస్తారు. ఎక్స్ కిరణాలకు ఒక వైపు పైపొర ఆవిరై ఎగిరిపోతుంది, ఆ తోపుకు రాయి దానికి ఎదురు దిశలో జరుగుతుంది. డ్రిల్లింగ్ మిషన్ అక్కర్లేదు, వీరమరణమూ అక్కర్లేదు.

నిజమైన భయం ఉండాల్సిన చోటు ఇంకొకటి: సూర్యుడి వైపు నుంచి వచ్చే చిన్న రాళ్ళు. పగటి వెలుగులో నేల మీది టెలిస్కోపులకు అవి కనబడవు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలింది అలాంటిదే. సుమారు 20 మీటర్ల రాయి, 30 కిలోమీటర్ల ఎత్తులోనే పగిలిపోయింది. దాదాపు 1,500 మంది వైద్యానికి వెళ్ళారు, ఎక్కువగా గాజు పెంకుల గాయాలతోనే. మెరుపు చూసి కిటికీల దగ్గరికి పరుగెత్తారు, శబ్దతరంగం రెండు నిమిషాల పైన పట్టి వచ్చి అద్దాలు పగలగొట్టింది. పిల్లలకు నేర్పాల్సింది ఇది: పట్టపగలు సూర్యుడిని మించిన మెరుపు కనబడితే కిటికీకి దూరంగా, గోడ చాటున, నేల మీద పడుకోవాలి. ఫోను తీసి వీడియో పట్టొద్దు. కనీసం ఐదు నిమిషాలు లేవొద్దు.

ఇక 2029 ఏప్రిల్ 13, శుక్రవారం. ఆ రోజుకు పసుపు అక్షరాలు ఇప్పటినుంచే సిద్ధమవుతుంటాయి. 340 మీటర్ల పైబడిన అపోఫిస్ అనే గ్రహశకలం అప్పుడు భూమికి 32,000 కిలోమీటర్ల దగ్గరగా వెళ్తుంది. మనకు అది 14వ తేదీ తెల్లవారుజాము మూడు దాటిన వేళ. 2004లో ఇది ఢీకొనే అవకాశం 2.7 శాతం దాకా పెరిగింది, 2021లో రాడార్‌తో కొలిచి ఇంకో వందేళ్ళ వరకు ముప్పు లేదని తేల్చేశారు. మన ఇంటి డిష్‌కు బొమ్మ పంపే ఉపగ్రహాలు ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. అంటే "ముంచుకొస్తోంది" అని అరిచే ఆ టీవీ బొమ్మ, గ్రహశకలం కన్నా ఎత్తు నుంచి మన ఇంట్లోకి దిగుతుంది. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో చీకటి ఉన్న చోట్ల అది టెలిస్కోపు లేకుండానే కదిలే చుక్కలా కనబడుతుంది. దుబాయిలోనో దోహాలోనో మనవాళ్ళుంటే, వీధిదీపాలు లేని చోటికి వెళ్ళి కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా 20 నిమిషాలు ఆగి చూడమని ఇప్పుడే చెప్పి పెట్టండి.