పొమ్మనలేక పెట్టే పాట

ఒకప్పుడు నేను అద్దెకున్న ఫ్లాటు మూడో అంతస్తులో ఉండేది. కిటికీ తెరిస్తే కింద వాహనాలు నిలుపుకొనే ఖాళీ స్థలమూ, దాని అంచున రాత్రి తొమ్మిదికల్లా మూతపడే దుకాణాల వరుసా కనిపించేవి. పొద్దుపోయాక ఆ దుకాణాల మెట్ల మీద నలుగురైదుగురు కుర్రవాళ్లు చేరి, అర్ధరాత్రి దాటేదాకా కబుర్లు చెప్పుకొంటూ కూర్చునేవారు. ఒకటి రెండుసార్లు సీసాలు పగిలాయి, ఒకసారి షట్టరు మీద రంగుతో పిచ్చి గీతలు వెలిశాయి. రాత్రి కాపలా ఉండే పెద్దాయన చెప్పి చూశారు కానీ లాభం లేకపోయింది. చివరికి ఆ స్థలం నిర్వాహకులు దీపస్తంభానికి ఒక లౌడ్‌స్పీకర్ బిగించారు. ఆ రోజు నుంచి రాత్రి పది కొట్టగానే వయొలిన్ సంగీతం మొదలై, తెల్లవారుజామున ఐదింటిదాకా ఆగకుండా మోగేది. పొమ్మనలేక పొగబెట్టడం అన్న మాటను చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, పొగకు బదులు పాట పెట్టవచ్చునని అప్పుడే తెలిసింది.

ఆ రికార్డు నిడివి పదకొండు నిమిషాలు. ముగింపులో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఉప్పొంగి ఆగేవి, స్పీకరులో టక్కుమని చిన్న చప్పుడు అయ్యేది, రెండు సెకన్లు నిశ్శబ్దం, మళ్లీ మొదటి నుంచి అదే పాట. నాలుగో రాత్రికల్లా నన్ను నిద్ర పోనివ్వనిది సంగీతం కాదు, ఆ టక్కుమనే చప్పుడు. అది ఎప్పుడు వస్తుందా అని ఒళ్లంతా చెవులు చేసుకొని పడుకోవలసి వచ్చేది. ఎవరో మహానుభావుడు ఎంతో ప్రేమతో కూర్చిన స్వరాలవి. పసిపిల్లలూ పశువులూ పాములూ కూడా సంగీతానికి పరవశిస్తాయని మనం చెప్పుకొంటాం కదా, అదే సంగీతాన్ని మనుషుల్ని తరమడానికి వాడుతుంటే వినడం ఒక విధమైన అవమానంలా తోచేది.

ఈ ఉపాయం ఎవరికి ఎప్పుడు తట్టిందని వెతికితే, చాలామంది 1985 నాటి కెనడాను చూపిస్తారు. అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో కొన్ని సెవెన్-ఎలెవెన్ దుకాణాల వారు, బయట గుంపుగా చేరే కుర్రకారును చెదరగొట్టడానికి పార్కింగు స్థలంలో శాస్త్రీయ సంగీతం వినిపించడం మొదలుపెట్టారు. లండన్ భూగర్భ రైల్వే 2003లో ఎల్మ్ పార్క్ స్టేషనులో ఇదే ప్రయత్నం చేసింది. ఏడాదిన్నర గడిచాక అక్కడ దోపిడీలు 33 శాతం, సిబ్బందిపై దాడులు 25 శాతం, ఆస్తి ధ్వంసం 37 శాతం తగ్గాయని ప్రకటించారు. తరువాత మరెన్నో స్టేషన్లకు సంగీతం పాకింది. ఈ అంకెలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి కనుక నేనూ ప్రస్తావిస్తున్నాను. అయితే ఒక స్టేషనులో తగ్గిన గొడవ మాయమయిందో, పక్క స్టేషనుకో పక్క వీధికో మారిందో ఆ అంకెలు చెప్పవు. మా మెట్ల మీది కుర్రవాళ్లు మొదటి వారంలోనే లేచిపోయారు, నిజమే. లేచి, మూల తిరిగితే వచ్చే మరో దీపం కింద కూర్చున్నారు. నిర్వాహకుల పుస్తకంలో అది విజయమే అయి ఉంటుంది.

ఇక్కడ రెండు వేర్వేరు పద్ధతులను ఒకటిగా కలిపి మాట్లాడడం నాకు పొరపాటుగా కనిపిస్తుంది. మామూలు గొంతుతో మాట్లాడుకోవడానికి అడ్డురాని స్థాయిలో సంగీతం వినిపించడం ఒక పద్ధతి. అక్కడ పని చేసేది చప్పుడు కాదు, అభిరుచి. ‘ఇది మీలాంటి వాళ్ల చోటు కాదు’ అని ఆ పాట నెమ్మదిగా చెబుతుంది, విన్నవాళ్లలో కొందరికి అక్కడ నిలబడాలని అనిపించదు, మరికొందరికి, ముఖ్యంగా ఒంటరిగా రైలు కోసం ఎదురుచూసేవారికి, ఎవరో కనిపెట్టుకొని ఉన్నారన్న ధీమా కలుగుతుంది. ఇందులో కొంత చిన్నచూపు ఉన్నా ఎవరి ఒంటికీ హాని లేదు. రెండో పద్ధతిలో పాట ఏదయినా ఒకటే. చెవులు చిల్లులు పడేలా మోగించి, కూర్చోలేక లేచిపోయేలా చేయడమే ఉద్దేశం. మొదటిది పని చేయనప్పుడు మీట తిప్పి రెండోదానికి వెళ్లడం చాలా తేలిక, దానికి ఎవరి అనుమతీ అడగక్కరలేదు. అసలు ప్రమాదం ఆ మీటలోనే ఉంది.

శబ్దం దూరంతో ఎలా తగ్గుతుందో ఒకసారి లెక్క వేసుకొంటే ఈ రెండో పద్ధతి ఎంత గుడ్డిదో తెలుస్తుంది. అడ్డంకులు లేని చోట, దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. చెవికి ఒక చప్పుడు మరొకదానికంటే రెట్టింపుగా వినిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్ల తేడా కావాలి. మా స్పీకరు నుంచి మెట్లకు పది మీటర్లు, నా కిటికీకి ముప్ఫై మీటర్లు ఉంటాయి. మెట్ల మీద 70 డెసిబెళ్లు మోగిందనుకొంటే, ఆ లెక్కన నా కిటికీ దగ్గర 60 మోగాలి. అంటే ఎవరిని ఉద్దేశించి ఆ పాట పెట్టారో వారికి, ఏ పాపమూ ఎరుగని నాకంటే రెట్టింపు చప్పుడు మాత్రమే ముట్టింది. పైగా 60 డెసిబెళ్లంటే పక్కన కూర్చొని ఎవరో మాట్లాడుతున్నంత చప్పుడు. పడకగదిలో ఆగకుండా సాగే శబ్దం 30 డెసిబెళ్లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. కిటికీ మూసుకొంటే కొంత తగ్గుతుంది గానీ, సన్నటి స్వరాలను ఆపినంతగా మంద్ర స్వరాలను గోడలూ అద్దాలూ ఆపలేవు. తలుపులన్నీ బిగించుకొని పడుకొంటే వయొలిన్లు పోయి, వాటి వెనక గుమ్ గుమ్ మనే వాద్యాలు మాత్రం దిండులోంచి వినిపించేవి.

మెట్ల మీది కుర్రవాడు లేచి వెళ్లగలడు. నేను వెళ్లలేను, నెల అద్దె ముందే కట్టాను. నాకంటే కదలలేని మనిషి మరొకరున్నారు: స్తంభానికి మూడు మీటర్ల దూరంలో రేకుల గదిలో రాత్రంతా కూర్చొనే ఆ కాపలా పెద్దాయన. అదే లెక్క ప్రకారం ఆయన చెవిలో పడేది 80 డెసిబెళ్లు, రోజుకు ఏడు గంటలు. ఎనిమిది గంటల పనికి 85ను హద్దుగా పెట్టుకొన్న వృత్తి ప్రమాణాలున్నాయి. స్పీకరును మరికాస్త పెంచితే ఆయన ఆ హద్దు దాటేసినట్టే. కళ్లకు రెప్పలున్నట్టు చెవులకు లేవు కదా.

వయసును బట్టి మనుషుల్ని ఏరే పరికరం కూడా వచ్చింది. బ్రిటన్‌లోని వేల్స్‌కు చెందిన హోవర్డ్ స్టేపుల్టన్ 2005లో ‘మస్కిటో’ అనే యంత్రం తయారు చేశాడు. వయసు పెరిగేకొద్దీ మన చెవి పై స్థాయి స్వరాలను కోల్పోతుంది. ఆ యంత్రం సుమారు 17 కిలోహెర్ట్‌జ్ దగ్గర కీచుమంటుంది కనుక ఇరవై అయిదేళ్ల లోపువారిని వేధిస్తుంది, పెద్దలకు దాదాపు వినిపించదు. 2006లో దీనికి శాంతి విభాగంలో ఇగ్ నోబెల్ అనే వ్యంగ్య బహుమతి ఇచ్చారు. కుర్రకారు ఊరుకొంటారా? అదే స్వరాన్ని ఫోను రింగుటోనుగా మార్చుకొని, ఉపాధ్యాయులకు వినబడకుండా తరగతిలో వాడుకొన్నారు. నవ్వొచ్చే సంగతే గానీ, ఆ దారిన తల్లి చంకలో వెళ్లే పసిబిడ్డకు కూడా ఆ కీచు వినిపిస్తుంది. ఏడుపు ఎందుకో తల్లికి అర్థం కాదు, ఎందుకంటే ఆమెకు అక్కడ చప్పుడే లేదు. బహిరంగ స్థలాల్లో ఈ యంత్రాన్ని నిషేధించాలని 2010లో ఐరోపా మండలి పార్లమెంటరీ సభ కోరడం నాకు సబబుగానే అనిపిస్తుంది.

అన్నిటికంటే నన్ను కలచివేసింది 2019లో అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగినది. వెస్ట్ పామ్ బీచ్ నగర పాలకులు, వేడుకలకు అద్దెకిచ్చే ఒక సరస్సు ఒడ్డు మంటపం దగ్గర నిలువ నీడలేని వాళ్లు రాత్రిళ్లు పడుకొంటున్నారని, ‘బేబీ షార్క్’, ‘రెయినింగ్ టాకోస్’ అనే పిల్లల పాటలను రాత్రంతా మార్చి మార్చి వినిపించారు. ఊరికే గుమిగూడడం వేరు, పడుకోవడానికి చోటు లేక వచ్చి ఒరగడం వేరు. మొదటివాడికి ఇల్లుంది, విసుగు పుడితే పోతాడు. రెండోవాడికి ఆ చోటు తప్పితే మరో అరుగు, అదీ తప్పితే రోడ్డు పక్క. అతని నుంచి లాక్కొంటున్నది కాలక్షేపాన్ని కాదు, నిద్రను. స్పీకరుకు ఆ తేడా తెలియదు. ఆఖరి బస్సు తప్పిపోయి తమ్ముడి కోసం ఎదురుచూస్తున్న మనిషినీ, మోకాళ్ల నొప్పితో కాసేపు కూర్చున్న ముసలమ్మనూ కూడా అది పనీపాటా లేనివాళ్లుగానే లెక్కగడుతుంది.

ఇంతా చేసి, మనుషులకు పట్టుదల పుడితే పాట ఓడిపోతుంది. బెర్లిన్‌లో హెర్మన్‌స్ట్రాసె స్టేషను వద్ద మాదకద్రవ్యాలు వాడేవారిని తరమడానికి శ్రుతిబద్ధం కాని ఆధునిక సంగీతం వేస్తామని 2018లో రైల్వే వారు అనగానే, ఆ సంగీతకారులే నొచ్చుకొని స్టేషను ముందు కచేరీ పెట్టారు. ఆ ఆలోచనను విరమించుకోక తప్పలేదు. 2022 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పార్లమెంటు ముందు బైఠాయించిన నిరసనకారుల మీదికి అక్కడి సభాపతి, గాయకుడు బ్యారీ మ్యానిలో పాడిన పాటలనూ ‘మకరెనా’ అనే నాట్యపు పాటనూ వదిలితే, వాళ్లు ఆ పాటలకే గంతులు వేశారు. మా వీధిలోనూ అదే జరిగింది. మూడు వారాలకు కుర్రవాళ్లు తిరిగి వచ్చారు. వాళ్లలో ఒకడు ఆ వయొలిన్ రాగాన్ని ఈలగా వేయడం నేర్చుకొన్నాడు, చివర నాలుకతో టక్కుమని చప్పుడు చేయడంతో సహా. మళ్లీ సీసాలు పగలలేదు గానీ, అది పాట మహిమ అని నేను చెప్పలేను. అంతకు వారం ముందే మెట్ల దగ్గర ఆరిపోయి ఉన్న దీపాన్ని బాగు చేశారు.

మేం ఆరు కుటుంబాల వాళ్లం సంతకాలు పెట్టి నిర్వాహకులకు ఒక ఉత్తరం ఇచ్చాం. స్పీకరు ఆపేయమనే అడిగాం. వాళ్లు సగం ఒప్పుకొన్నారు: చప్పుడు తగ్గించి, స్పీకరు ముఖాన్ని నేలకు వంచి, పదకొండున్నరకు ఆపేలా టైమరు పెట్టారు. ఆ మర్నాటి రాత్రి కింద కనిపించినప్పుడు పెద్దాయనను, “ఇప్పుడు మీకు కాస్త హాయిగా ఉందాండీ?” అని అడిగాను. “పాట మంచిదేనండీ, బాబూ. కానీ అదే పాట కదా!” అని నవ్వి, చెవిలోంచి దూది ఉండ తీసి, నేను చెప్పింది మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. తల ఊపి, గడియారం చూసుకొన్నారు. పదకొండు దాటి పది నిమిషాలయింది. ఆ దూదిని తిరిగి చెవిలో పెట్టుకొన్నారు.