గ్లింకా ‘కమారిన్స్కయా’: ఒకే వరస, డెబ్బై అయిదు సార్లు

రష్యన్ సంగీతంలో జానపదం అనగానే స్వరకర్త మిహయిల్ గ్లింకా ఒపెరాలనే ముందు చెబుతారు. నన్నడిగితే అతను ఆర్కెస్ట్రాకు రాసిన ఏడెనిమిది నిమిషాల ‘కమారిన్స్కయా’ వినమంటాను. పల్లె పాటను అతను ఏం చేశాడో, ఏం చేయలేదో అందులో తేటగా తెలుస్తుంది.

గ్లింకా 1804లో స్మోలెన్స్క్ ప్రాంతంలో, నొవొస్పాస్కొయె అనే పల్లెలో పుట్టాడు. జలుబు చేస్తుందని నాయనమ్మ ఆరేళ్ళదాకా వేడి గది దాటనివ్వలేదు. చెవిన పడినవల్లా చర్చి గంటలు, దాది పాడే పాటలు. ఆ తర్వాత మేనమామ ఇంటి ఆర్కెస్ట్రా. అందులో వాయించేవాళ్ళు ఆయన కింద పనిచేసే వెట్టి రైతులే. 1833–34లో బెర్లిన్‌లో సీగ్‌ఫ్రీడ్ డేన్ దగ్గర అయిదు నెలలు కౌంటర్‌పాయింట్, అంటే ఒకేసారి సాగే వేర్వేరు వరసలను అల్లే విద్య, నేర్చుకున్నాడు. కాబట్టి తర్వాత జర్మన్ పద్ధతిని పక్కన పెట్టింది రాక కాదు.

1848లో వార్సాలో ఉండగా ఈ రచన కోసం రెండు పాటలు తీసుకున్నాడు. ఒకటి నెమ్మదిగా, మూడు దెబ్బల నడకలో సాగే పెళ్ళిపాట. రెండోది ‘కమారిన్స్కయా’ అనే గంతుల పాట. చిక్కంతా ఈ రెండోదానితోనే. దాని వరస మూడే బార్లు (తాళం కొలతలు). ముగిసినట్టే ఉండదు, చివరికొచ్చేసరికి మళ్ళీ మొదలవుతుంది. జర్మన్ పద్ధతిలో ముక్కలు చేసి పెంచుదామంటే విరవడానికి అందులో ఏముంది?

అందుకని వరసను దాదాపు అలాగే ఉంచి, చుట్టూ ఉన్నది మార్చాడు. వయొలిన్లు ముందు ఒంటరిగా ఎత్తుకుంటాయి. తర్వాత ఒక్కో వాద్యమూ వచ్చి కలుస్తుంది. ఒకచోట కమాను వదిలి వేళ్ళతో తీగలు మీటుతారు, అచ్చం బాలలైకా అనే రష్యన్ పల్లె తీగవాద్యంలా. అలా వరస సుమారు 75 సార్లు తిరుగుతుంది. మధ్యలో ఓబో అనే ఊదే వాద్యం దానికి అల్లే నగిషీలు మెల్లగా పెళ్ళిపాట స్వరాల్లోకి జారతాయి. రెండు పాటలకూ చుట్టరికం ఉందని అప్పుడు తెలుస్తుంది. చివర్లో హార్న్‌లు, ట్రంపెట్‌లు పొసగని స్వరాన్ని పట్టుకుని వదలవు. తాగి తూలేవాడి మొండితనంలా ఉంటుంది నాకు.

తర్వాతి తరం రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1888 నాటి డైరీలో, ఓక్ చెట్టంతా గింజలో ఉన్నట్టు రష్యన్ సింఫనీ సంగీతమంతా ఇందులోనే ఉందని రాసుకున్నాడు.

వాయించేవాళ్ళు తరచూ చెడగొట్టేది వేగం దగ్గరే. నాట్యం కదా అని తొందరపడితే ఆ మీటులు ఒకదానిమీద ఒకటి పడి బాలలైకా మాయమవుతుంది. వెనక మారుతున్నవేవీ వినపడక వరస ఒక్కటే మిగులుతుంది, పదో సారికే విసుగొస్తుంది.