కొత్త స్లైడ్లు, పాత దుప్పట్లు

దసరా సెలవులకు కూతురూ అల్లుడూ పిల్లలతో నల్లగొండకు వచ్చినప్పుడు, అందరం కలిసి నాగార్జునసాగర్ చూసి రావాలనీ, బస మాత్రం సాగర్‌కు ఇవతల ఉన్న ఒక వాటర్ పార్కు రిసార్టులో చేయాలనీ అనుకున్నాము. ఆ రిసార్టు పేరు ఇక్కడ రాయడం లేదు. అది తెరిచిన కొత్తలో ఒకసారి వెళ్లి ఉన్నాను కాబట్టి అప్పటికీ ఇప్పటికీ తేడా ఎక్కడ వచ్చిందో చూడగలిగాను. అయితే ఇటు మహబూబ్‌నగర్ వైపు బంధువుల పెళ్లిళ్లకు వెళ్లి దిగిన రిసార్టుల్లోనూ ఇదే తీరు కనిపించినందువల్ల, ఒక్క యజమానిని తప్పుపట్టి ఊరుకుంటే విషయం సగమే చెప్పినట్టవుతుంది.

కనగల్, హాలియా మీదుగా మేము వెళ్లిన దారి పొడవునా వరి పొట్టదశలో ఉంది. రిసార్టు దగ్గరికి వచ్చేసరికి మొదట కనిపించింది పాత రోజుల్లో లేని పెద్ద ముఖద్వారం, దాని మీద ఫైబరుతో చేసిన డైనోసార్లు, వెనుక ఆకాశానికి ఎగబాకిన రంగురంగుల కొత్త స్లైడ్లు. కారు ఆగకముందే పిల్లలు తలుపు తీయబోయారు. వాళ్ల సంతోషాన్ని తక్కువ చేయను. ఆ స్లైడ్లు బాగానే ఉన్నాయి, వాటి మీద ఖర్చు దండిగానే పెట్టారు. నేను చెప్పబోయేదంతా ఆ ఖర్చు ఆగిపోయిన చోటి నుంచి మొదలవుతుంది.

గదులు మధ్యాహ్నం రెండింటికి ఇస్తారు, మర్నాడు పదింటికల్లా ఖాళీ చేయాలి. మా తరానికి అలవాటైన లాడ్జీ లెక్క ఇరవై నాలుగు గంటలది. సాయంత్రం ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా గది మనదే. ఇప్పుడు ఒక రోజు అద్దె కట్టి ఇరవై గంటలు ఉంటున్నాము. అందులోనూ గదులు ఊడ్వడం కాలేదంటూ మాకు తాళం కార్డులు ఇచ్చేసరికి నాలుగు దాటింది. కౌంటరు దగ్గర ఒక్కటే అమ్మాయి ఉండి, ఫోన్లెత్తుతూ, డే టికెట్ల వాళ్లకు చేతిపట్టీలు కడుతూ, గదుల వాళ్ల ఆధార్ కార్డులు జిరాక్సు తీస్తూ ఉంటే, ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా మనసొప్పలేదు.

ఆ ఎదురుచూపులో మా అల్లుడు, కొన్నేళ్లు ఫ్లోరిడాలో ఉద్యోగం చేసి వచ్చినవాడు, ఈ వ్యాపారానికి పుట్టినిల్లనదగిన చోటి సంగతి చెప్పాడు. ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ 1971లో మొదలైనప్పుడే పార్కుతో పాటు కాంటెంపరరీ, పాలినేషియన్ అనే హోటళ్లు తెరిచారట. పార్కు చూడడానికి వచ్చినవాణ్ణి రాత్రి కూడా అక్కడే ఉంచాలన్న ఆలోచన మొదటి నుంచీ ఉన్నదే. విమానాశ్రయం నుంచి హోటలుకు ఉచితంగా తెచ్చే బస్సును 2005లో పెట్టి 2022 మొదట్లో ఎత్తేశారు. రాత్రి కారు నిలుపుకోవడానికి 2018లో రుసుము పెట్టి 2023లో తీసేశారు. "అక్కడ ఏటేటా వచ్చే కుటుంబాలు ఉంటాయి మామయ్యా, వాళ్లు గట్టిగా అడిగితే కొంతైనా వెనక్కి తగ్గక తప్పదు. ఇక్కడికి రెండోసారి ఎవరొస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఆ రెండు రోజులూ వదలలేదు.

గదిలో ఏసీ పనిచేసింది, టీవీ పెద్దది, గోడకు సెల్ఫీ దిగడానికి వీలుగా ప్లాస్టిక్ పూలతీగ అల్లి ఉంది. మంచం మీది దుప్పటిని తాకి చూస్తే చెమ్మ తగిలింది. మరో దుప్పటి అడిగితే గదులు చూసే కుర్రవాడు తెచ్చాడు, అదీ అంతే. అతడు ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు: "మూడు జతలుండాలె సార్. ఒకటి మంచం మీద, ఒకటి లాండ్రీల, ఒకటి స్టోర్ల. మా దగ్గర ఇప్పుడు రెండే నడుస్తున్నయ్. పండుగ గిరాకీ వచ్చిందంటే ఆరకముందే ఇస్త్రీ పెడ్తరు." మొదట్లో అంతస్తుకు ఇద్దరు పనివాళ్లు ఉండేవారట, ఇప్పుడు అతనొక్కడే. ఆ లేని మూడో జత ఖరీదు బయటి ఫైబరు డైనోసారు తోకపాటి చేస్తుందా అని నాకు అనుమానం. కానీ డైనోసారు ఫోటోలో పడుతుంది, స్టోరు గదిలో మడతపెట్టి ఉన్న పొడి దుప్పటి ఏ ప్రకటనలోనూ పడదు.

నేను తాగునీటి శాఖలో ఇంజనీరుగా పనిచేసి విరమించినవాణ్ణి కావడంతో స్నానాల గదిలో నా చూపు ముందుగా షవరు మీదికే పోతుంది. దాని రంధ్రాల్లో సగం తెల్లని సున్నపు గారతో పూడిపోయి, నీళ్లు అన్ని దిక్కులకూ చిమ్ముతున్నాయి. మన జిల్లా బోరు నీటి సంగతి ఎవరికీ కొత్త కాదు. ఫ్లోరైడుతో ఊళ్లకు ఊళ్లు నడుములు వంగిపోయిన ప్రాంతమిది, చాలాచోట్ల కాఠిన్యమూ, అంటే నీటిలో కరిగిన సున్నపు లవణాలూ ఎక్కువే. తాగునీటి ప్రమాణాల్లో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఓర్చుకోవచ్చని ఉంది. ఇలాంటి నీటితో హోటలు నడపాలంటే ఆ కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నరు కావాలి, అది ఇక్కడ ఉంది కూడా. మర్నాడు ఉదయం నడకకు వెళ్లినప్పుడు పంపు గది పక్కన చూశాను. దానికి ఎప్పటికప్పుడు ఉప్పునీరు పట్టించి శక్తి తిరిగి తెప్పించకపోతే అది ఉత్త ట్యాంకు. ఉప్పు తొట్టి ఎండిపోయి, అడుగున ఆకులున్నాయి. సబ్బు నురగ రాకపోవడం, తువ్వాళ్లు గరుకెక్కడం, గీజరు కాయిల్ తరచూ పోవడం, అన్నిటికీ మూలం ఆ ఎండిన తొట్టే. వేడి నీళ్లు ఎనిమిదిన్నర దాకానే ఇస్తామనడానికి వాళ్లు చెప్పిన కారణం కరెంటు బిల్లు.

ఈత కొలను దగ్గర ఘాటైన వాసన వేస్తుంటే, పక్కనున్నాయన "క్లోరిన్ బాగా కొట్టిన్రు, భయం లేదు" అని పిల్లలను దింపాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. నిజానికి సరిగా శుద్ధి చేసిన కొలనులో వాసన అంతగా ఉండదు. ఒంటి చెమటతో, మూత్రంతో కలిసి క్లోరిన్ ఖర్చయిపోయినప్పుడు పుట్టే క్లోరమైన్ల నుంచే ఆ ఘాటు, ఆ కళ్ల మంట వస్తాయి. అంటే వాసన వేసే కొలనుకు క్లోరిన్ చాలలేదన్నమాట. లీటరుకు కనీసం ఒక మిల్లీగ్రాము స్వేచ్ఛా క్లోరిన్, అంటే ఇంకా ఖర్చు కాని క్లోరిన్, మిగలాలి, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2కూ 7.8కీ మధ్య ఉండాలి, మనుషులు పెరిగేకొద్దీ ఈ రెంటినీ రోజులో పలుమార్లు పరీక్షించాలి. పరీక్షల వివరాలు రాయడానికి గోడకు బోర్డు ఉంది, గళ్లు ఖాళీగా ఉన్నాయి. లైఫ్‌గార్డు కుర్రవాడు "కిట్టు అయిపోయింది సార్, చెప్పినం" అన్నాడు.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. రిసార్టు తెరిచినప్పుడు గదుల్లో దిగినవాళ్లకు ఒక కొలను వేరుగా ఉండేది. ఇప్పుడు డే టికెట్ల వాళ్లూ, బడి బస్సుల్లో వచ్చిన పిల్లలూ, గదులవాళ్లూ అందరూ ఒకే నీటిలో దిగుతారు, ఒకే వంటశాల తిండి తింటారు. వచ్చే జనం పెరిగారు. ఫిల్టరు, వంటశాల, పనివాళ్లు మాత్రం పెరగలేదు. భోజనం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. "పల్లె రుచులు" అని ఎడ్లబండి బొమ్మ పెట్టి దాని మీద చల్లారిన జొన్న రొట్టెలు పేర్చారు. మా ఆవిడ ఒకటి విరిచి చూసి పక్కన పెట్టింది.

రెండో రోజు సాగర్ వెళ్లాము. జలాశయం నిండి ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ రాతి కట్టడాన్ని, దాని 26 గేట్లను పిల్లలకు చూపిస్తూ, వానాకాలం ముందు గేట్ల ఇనుప తాళ్లకు గ్రీజు పట్టించడం, రబ్బరు సీళ్లు మార్చడం వంటి పనులు లేకపోతే కట్ట ఎంత గట్టిదైనా అక్కరకు రాదని చెప్పాను. మనవడు విన్నాడో లేదో తెలియదు. అక్కడి నుంచి బుద్ధవనానికి వెళ్లాము. 2022 మే 14న ప్రారంభమైన ఈ 274 ఎకరాల వనం కూడా థీమ్ పార్కే, అయితే దాని ఇతివృత్తం ఈ నేలదే: కృష్ణ ఒడ్డున వెలసిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, నాగార్జునకొండ, అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం. పిల్లలు జాతక కథల శిల్పాల దగ్గర అనుకున్నదానికన్నా ఎక్కువసేపే నిలబడ్డారు. అయినా తిరిగి వెళ్దామనగానే వాళ్ల నోట వచ్చింది స్లైడ్ల మాటే. రిసార్టు యజమానికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పిల్లవాడు ద్వారం దగ్గరే ఒప్పుకొన్నాడు, తండ్రి సొమ్ము ముందే కట్టాడు, చుట్టుపక్కల మరో భోజనశాల లేదు. ఇక పొడి దుప్పటి ఎవరి కోసం?

ఖాళీ చేసే రోజు బిల్లులో భోజనాల మీద సర్వీసు చార్జీ వేశారు. హోటళ్లు దీన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. వాటిని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. అల్లుడు ఫోనులో ఆ తీర్పు చూపించి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తానంటే మేనేజరు మారు మాట్లాడకుండా కొట్టేశాడు. అంటే నిబంధన అతనికీ తెలుసు. గది అద్దె మీద మాత్రం మా వాదన నిలవలేదు. ఏడున్నర వేలకు మించని గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాకుండా 5 శాతమే కదా, పన్ను తగ్గకముందు ఫోనులో చెప్పిన మొత్తమే ఇప్పుడూ ఎలా వచ్చిందని అడిగితే, "పన్ను ఐదే వేసినం సార్, అద్దె మారింది" అన్నాడు. బిల్లు చూస్తే అతడు చెప్పింది నిజమే.

దుప్పట్ల సంగతి, సాఫ్ట్‌నరు సంగతి, కొలను బోర్డు సంగతి అతనికి వివరంగా చెప్పాను. ఓపికగా విన్నాడు. సంక్రాంతికల్లా అలలు పుట్టించే వేవ్ పూల్ వస్తోందని, దాని పనుల్లో కొంచెం ఇబ్బంది ఉందని, అప్పుడు తప్పకుండా రమ్మని అన్నాడు.