గాజు తొట్టిలో కోనసీమ

నెదర్లాండ్స్‌లో నా దగ్గర భూగర్భజలాలు చదువుకునేవాళ్లలో చాలామంది డెల్టాల్లో పుట్టినవాళ్లే. మెకాంగ్ వాళ్లు, నైలు వాళ్లు, గంగ వాళ్లు. నేను వైనతేయ గోదావరి ఒడ్డున పుట్టాను. ఇక్కడ సూత్రంతో పాఠం మొదలుపెట్టను. ఒక చిక్కు ఇస్తాను. అందులో తెలిసిందేమిటో, తెలియాల్సిందేమిటో పిల్లలే గుంపులుగా కూర్చుని తేల్చుకుంటారు. ఇక్కడి మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం 1976లో పుట్టినప్పటి నుంచీ ఈ పద్ధతినే నమ్ముకుంది.

నేనిచ్చే చిక్కు మా ఊరిదే. సముద్రానికి దగ్గర్లో ఇసుక దిబ్బ, దాని మీద కొబ్బరి తోట. అక్కడి ఫిల్టర్ పాయింటులో, అంటే తక్కువ లోతు బోరులో, తాగే నీళ్లు పడతాయి. దిబ్బ దిగి పక్క చేలో అంతే లోతు బోరు వేస్తే ఉప్పు తగులుతుంది. ఎందుకు?

గాజు తొట్టిలో ఇసుక దిబ్బగా పోసి, ఎర్ర రంగు కలిపిన ఉప్పునీళ్లు నింపుతారు. పైనుంచి మంచినీళ్లు వానలా చిలకరిస్తారు. కాసేపటికి దిబ్బ కింద తెల్లటి నీరు నావ అడుగులా ఉబ్బి, ఎరుపును కిందికి తోస్తుంది. ఘనమీటరు మంచినీళ్లు 1000 కిలోలు, సముద్రపు నీళ్లు 1025. ఆ 25తో వెయ్యిని భాగించి, సముద్ర మట్టానికి పైన మీటరు మంచినీరుంటే కింద దాదాపు 40 మీటర్లు ఉంటుందని వాళ్లే కనుక్కుంటారు. ఇదే లెక్కను డచ్ ఇసుక దిబ్బల దగ్గర బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బెర్గ్ వేశారని అప్పుడు చెబుతాను. తర్వాత సన్నటి గొట్టంతో నీళ్లు లాగిస్తాను. కింద ఎరుపు కొండలా లేచి గొట్టం మూతికి వస్తుంటే "ఆపు, ఆపు" అని అరుస్తారు.

ఓసారి పిల్లలు ఆ కొబ్బరి తోట రైతుతోనే మాట్లాడతామన్నారు. తోటలో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆయన మాట నేను ఇంగ్లీషులో చెప్పాను.

"వేసవిలో కాలువకు నీళ్లు ఆపేశాక జాగ్రత్తగా ఉంటామమ్మా. మోటారు కాసేపే వేస్తాం. ఆశపడి లాగితే ఉప్పొచ్చేస్తుంది."

తొట్టిలో చూసింది ఆయన నోట వినేసరికి వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. కాలువ సంగతి ఒకమ్మాయి పట్టుకుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో వచ్చి వరి చేలల్లో నిలిచిన నీరు కూడా నేలలోకి ఇంకుతోందన్నమాట.

చివర్లో బాబాయే అడిగాడు: "మా చుట్టూ రొయ్యల చెరువులొచ్చాయి. ఆ ఉప్పు మా దిబ్బ కిందికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? మీ పిల్లల్నడిగి చెప్పమ్మా."

దానికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఆ సెమిస్టరంతా వాళ్లు దాన్నే పట్టుకున్నారు. చెరువు ఎంత దూరం, అడుగున బంకమట్టి ఉందా, నీటిమట్టాలు ఏ వైపు వాలుతున్నాయి అని బాబాయిని మళ్లీ మళ్లీ అడిగారు. నేను చెప్పిన ఏ ఉపన్యాసమూ వాళ్లచేత అంత పని చేయించలేదు.

మా వైపు ఇంజనీరింగ్ పిల్లలతో కూర్చున్నప్పుడు నాకు బాధేసింది. గైబెన్, హెర్జ్‌బెర్గ్‌ల లెక్క సూత్రం తడుముకోకుండా రాశారు. ఇంటి బోరు నీళ్లలో ఉప్పెంతో మాత్రం ఎప్పుడూ కొలవలేదు. నిజానికి వాళ్లకు గాజు తొట్టి అక్కర్లేదు, దిబ్బ మీదే ఉన్నారు. విద్యుత్ వాహకత కొలిచే చిన్న మీటరు చాలు; నీళ్లలో ఉప్పు పెరిగితే అదీ పెరుగుతుంది. సముద్రపు నీళ్లలో అది సెంటీమీటరుకు దాదాపు 50,000 మైక్రోసీమెన్స్ చూపిస్తుంది. తమ బోరులో ఎంత చూపిస్తుందో కాలువకు నీళ్లు ఆపక ముందు, ఆపాక, తిరిగి వదిలాక రాసుకోవాలి. వచ్చే సెలవులకు మీటర్లు నేను తెస్తానన్నాను. ఎవరి వీధి ఎవరిదో వాళ్లే పంచుకుంటున్నారు.