ప్రార్థన కొండ మీద ఏలీయా ఫిర్యాదు

కందుకూరులో తెల్లవారుజాము బస్సెక్కి మా మేనత్తతో కలిసి ఒంగోలు ప్రార్థన కొండకు వెళ్లాను. పేరుకే కొండ, పెద్ద ఎత్తేం కాదు, మోకాళ్ల నొప్పులున్న అత్త కూడా ఆగి ఆగి ఎక్కేసింది. 1854 జనవరి 1న పొద్దు పొడిచే వేళ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడే ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. కింద నాగజెముడు పొదల నేల చూపించి, అక్కడ మిషన్ బంగళా ఉంటే బాగుండదా అని ఆ ముగ్గురిలో ఒకరైన జూలియమ్మను అడిగాడట దొర. తర్వాత ఇంకో మిషనరీ క్లౌ దొర వచ్చి ఇక్కడ పని మొదలుపెట్టింది 1866లో.

నేను వెళ్లింది మాత్రం ఒక ఫిర్యాదు మోసుకుని. ఆఫీసులో పనంతా నా నెత్తినే పడుతోంది, అడిగే నాథుడు లేడు, ఆ టెన్షన్‌తో నిద్ర లేదు. దేవుడికి ఏం చెప్పాలో బస్సులోనే పేర్చిపెట్టుకున్నా.

పైన కూర్చుని బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం తీశా. ప్రసంగాల్లో ఎప్పుడూ ఏలీయా ప్రవక్త ప్రార్థనకు కర్మెలు కొండ మీద దిగిన అగ్నే చెబుతారు, తర్వాత ఆ మనిషి చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకోవడం గురించి ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరెందుకో. దేవదూత వచ్చి మందలించలేదు, రొట్టె నీళ్లు పెట్టాడు, రెండుసార్లు. హోరేబు కొండ దగ్గర దేవుడు అడిగిన ప్రశ్న కూడా రెండుసార్లు ఒకటే, ఇక్కడ ఏం చేస్తున్నావని. మధ్యలో గాలి, భూకంపం, మెరుపు, ఆ తర్వాత నిమ్మళమైన స్వరం, ఇన్ని జరిగినా ఏలీయా మాత్రం రెండోసారీ మొదటి జవాబే అప్పజెప్పాడు, నేనొక్కడినే మిగిలానని.

ఆ ప్రశ్న నన్ను నేనే వేసుకున్నా. బస్సులో పేర్చిన మాటలే గడగడా వచ్చాయి. కాసేపాగి మళ్లీ అడిగితే మళ్లీ అవే, కానీ ఈసారి వాటి అడుగున ఇంకోటి ఉందని తెలిసింది: నేను లేకపోయినా ఆ ఆఫీసు నడిచిపోతుందేమోనన్న భయం. అలసట కాదు, అదీ అసలు సంగతి.

అత్తకు చెబితే నవ్వింది. "నువ్వొక్కడివే కాదు, నావాళ్లు ఇంకా ఏడు వేలమంది ఉన్నారని దేవుడు చెప్పాడు కదరా, ఏలీయాకు కనపడకపోతే లేనట్టా? ముందు ఇడ్లీ తిందాం పద."

తింటూనే ఇంకో ప్రయాణం ఎత్తుకుంది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి చూడాలట, పెద్ద కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజులోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చోటు. ఎండలు తగ్గాక పోదాంలే అత్తా అన్నా.