సినిమా పేరు లేని పాట

చెన్నై వెళ్ళింది పెళ్ళికి. పెళ్ళి గురించి చెప్పడానికి ఏమీ లేదు, సాంబారు బాగుంది. మర్నాడు పొద్దున సెంట్రల్ దగ్గర దిగి అల్లికుళం కాంప్లెక్స్‌కి ఆటో అడిగితే నూటయాభై అన్నాడు. కనబడుతున్న దూరానికి! ఆ కోపంతోనే నడిచాను.

1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక అక్కడి పాత సామాన్ల వాళ్ళు చాలామంది చేరింది ఇక్కడే. ఒక కొట్లో గ్రామఫోను ప్లేట్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. అన్నీ తమిళం, హిందీ. చేతులు నల్లబడేదాకా తిరగేస్తే అడుగున తెలుగు అక్షరాలు. బహుదూరపు బాటసారి. ఘంటసాల.

ఎదురుగాలికి సైకిలు తొక్కలేక, దిగి నడిపించుకుంటూ మా నాన్న పాడే పాట అది. ముందు కడ్డీ మీద నేను. ఏ సినిమా అని అడిగితే "ఏదో పాత సినిమారా" అనేవాడు. నేనూ నమ్మి పాటల పుస్తకాలన్నీ వెతికాను. ఇప్పుడు చూస్తే లేబుల్ మీద సినిమా పేరే లేదు.

కొట్టతను పన్నెండొందలు అన్నాడు. నా మొహం చూసే ఆ రేటు చెప్పాడని అర్థమైంది. ఆశ కనపడనిస్తే బేరం ఎక్కడ సాగుతుంది? తొమ్మిదొందలకి తెగింది. వినిపించమంటే ముల్లు లేదన్నాడు.

అక్కణ్ణుంచి టీనగర్‌లో స్నేహితుడి ఇంటికి. చూడగానే నవ్వాడు. "సినిమా ఏంట్రా, ప్రైవేటు పాట. రాసింది కూడా ఆయనే. నువ్వేం ఘంటసాల అభిమానివిరా!" నిజంగానే తలకొట్టేసినట్టయింది.

వాడి ప్లేయర్‌కి ఉన్నవి నిమిషానికి 33, 45 చుట్ల స్పీడులే. ఇది 78 చుట్లు తిరగాల్సిన ప్లేటు. పైగా తర్వాత వచ్చిన ఎల్పీ ప్లేట్ల ముల్లు సన్నం, దీని గాడి వెడల్పు. చెయ్యకూడని పనే. ఒక్కసారికేం కాదులే అని 45లో పెట్టించాను.

ముందు గరగర. తర్వాత నూతిలోంచి వచ్చినట్టు గొంతు. మూడు నిమిషాల పాట ఐదు దాటేలా ఉంది. వాడికి నవ్వాగలేదు. "తీసెయ్యనా?" అన్నాడు.

"ఉండనీరా."

మా నాన్న ఇంతే నెమ్మదిగా పాడేవాడు. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ, సైకిలు తోసుకుంటూ.

తిరుగు ప్రయాణం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో. లక్క ప్లేటు, జారితే పెంకులే. రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టి విజయవాడ దాకా ఒళ్ళోనే పట్టుకున్నాను. గూడూరు దాటాక పక్కావిడ ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏంటి బాబూ అది, పళ్ళెమా?"

"ప్లేటేనండీ" అన్నాను.