బంతి ముందుకా, వెనక్కా?

రగ్బీలో బంతి టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దాటి బయటికి పోతే, రెండు జట్లు పక్కపక్కనే వరసల్లో నిలబడగా హుకర్ బంతిని లోపలికి విసురుతాడు. అదే లైనౌట్. చూసేవాళ్లలో చాలామందికి అది ఎవరు ఎక్కువ ఎత్తుకు లేస్తారన్న పోటీ. ఏళ్ల తరబడి హుకర్‌గా బంతి విసిరి, ఇప్పుడు కుర్రవాళ్లకు విసరడం నేర్పుతున్న నాకు మాత్రం అది రెండు ప్రశ్నల ఆట. బంతి ఎక్కడికి వస్తుంది? ఎప్పుడు వస్తుంది? మా జట్టుకు జవాబులు తెలుసు, ఎదుటివాళ్లకు తెలియవు. మాకున్న మొగ్గు దాదాపుగా అంతే.

ఎందుకంటే నిబంధనలు హుకర్‌ను గట్టిగానే కట్టేస్తాయి. రెండు వరసల మధ్య మీటరు ఖాళీ ఉండాలి. బంతి ఆ ఖాళీ వెంబడి తిన్నగా వెళ్లాలి, టచ్‌లైన్ నుంచి కనీసం 5 మీటర్ల గీతను చేరాలి. వరసలోని వాళ్లు ఆ గీతకూ 15 మీటర్ల గీతకూ మధ్యే నిలబడాలి. వరసలో ఎంతమంది ఉండాలో విసిరే జట్టే తేలుస్తుంది. ఇద్దరికి తగ్గకూడదు, ఎదుటివాళ్లు మా సంఖ్యను మించకూడదు. ఇక వరసలో లేని ఆటగాళ్లు 10 మీటర్లు వెనక్కి తగ్గాలి. నా లెక్కలో అన్నిటికంటే విలువైన నిబంధన ఇదే. రెండు జట్ల బ్యాక్స్ (వరసకు దూరంగా నిలబడి పరుగుతో ఆడేవాళ్లు) మధ్య 20 మీటర్ల నేల ఖాళీగా దొరుకుతుంది. ఆటలో అంత చోటు మామూలుగా దొరకదు.

ఆ చోటును వాడుకోవాలంటే బంతి వరస చివర దొరకాలి. ముందున్న జంపర్‌కు (బంతి కోసం పైకి లేచే ఆటగాడికి) వేస్తే బంతి దాదాపు ఖాయంగా చేతికొస్తుంది, కానీ అక్కడ టచ్‌లైన్ పక్కనే ఉంటుంది. చివరికి వేస్తే బంతి గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, గాలి దాన్ని పక్కకు తోస్తుంది, ఎదుటి జంపర్‌కు లేచే వ్యవధి దొరుకుతుంది. అయినా అది చేతికందితే మైదానం మధ్య భాగం తెరుచుకుంటుంది.

2003 ప్రపంచ కప్ ఫైనల్ తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇంగ్లండ్‌ను గెలిపించిన జానీ విల్కిన్సన్ డ్రాప్ గోల్ (బంతిని నేలకు తాకించి కాలితో కొట్టే గోల్) కాదు, దానికి ముందటి లైనౌట్. సిడ్నీలో ఆస్ట్రేలియాతో స్కోరు 17-17, అదనపు సమయం అయిపోవస్తోంది. ఇంగ్లండ్ హుకర్ స్టీవ్ థాంప్సన్ బంతిని వరస చివరనున్న లూయిస్ మూడీకి వేశాడు. అలసిన చేతులతో, అంత ఒత్తిడిలో, అంత దూరం! ఆ విసురు తప్పి ఉంటే తర్వాతి కథే లేదు.

2015 ప్రపంచ కప్‌లో, లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో అదే ఇంగ్లండ్ వేల్స్ చేతిలో 25-28తో వెనకబడి ఉంది. చివర్లో పెనాల్టీ దొరికింది. గోలుకు కొడితే సమం. వాళ్లు ట్రై లైనుకు దగ్గర్లో లైనౌట్ కోసం బంతిని మూలకు కొట్టారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ బంతిని ముందున్న కెప్టెన్ క్రిస్ రాబ్‌షాకు వేశారు, వేల్స్ వాళ్లు అతన్ని అమాంతం టచ్‌లోకి, అంటే గీత బయటికి, నెట్టేశారు. టచ్‌లైన్ కూడా వేల్స్ పక్షాన ఆడే చోట బంతి అందుకోవడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

లిఫ్టింగ్‌ను, అంటే జంపర్‌ను సహచరులు పైకెత్తడాన్ని, 1990ల్లో అనుమతించాక మాయ చేసే మార్గాలు పెరిగాయి. ఎదుటివాళ్లను చదవాలంటే జంపర్ ముఖం చూడకండి, లిఫ్టర్ల పాదాలు చూడండి. జంపర్ ముందుకు రెండడుగులు వేసి వెనక్కి తిరగవచ్చు, కానీ అతన్ని ఎత్తేవాళ్లు చివరికి ఒకచోట కాళ్లు ఊనక తప్పదు. మంచి జట్లు ఈ చూపునే మోసం చేస్తాయి. 2011 ప్రపంచ కప్ ఫైనల్లో న్యూజిలాండ్ చేసింది అదే. జెరోమ్ కైనో గాలిలో అందుకున్న బంతిని కిందికి తట్టాడు. ఫ్రాన్స్ ఆటగాళ్ల కళ్లు పైన ఉండగా వరస మధ్యలో తెరుచుకున్న సందులోంచి ప్రాప్ స్థానంలో ఆడే టోనీ వుడ్‌కాక్ దూసుకెళ్లి, బంతిని ట్రై లైను అవతల నేలకు ఆనించి ట్రై చేశాడు. ఆ మ్యాచ్ 8-7తో ముగిసిందంటే ఆ ఎత్తుగడ ఎంత విలువైనదో చూడండి.

ట్రై లైనుకు దగ్గర్లో మాత్రం కథ మారుతుంది. అక్కడ చాలా జట్లు ఎగరడం మానేసి నేలమీదే కాచుకుంటాయి, మాల్ (బంతి పట్టుకున్నవాడి చుట్టూ రెండు జట్లూ పట్టుకుని నిలబడి సాగించే తోపులాట) కదలకముందే ఆపాలని. బలమైన మాల్ ఎదురుగా ఉంటే నేనూ అలాగే చెప్తాను. ఇంకొందరు అసలు తాకకుండా తప్పుకుంటారు. ఎదుటి ఆటగాడు పట్టుకోకపోతే మాల్ ఏర్పడినట్టు కాదు. అప్పుడు బంతిని వెనకవాడికి అందించి ముందుకు తోసుకొస్తే రెఫరీ ఆట ఆపేస్తాడు. ధైర్యం కావాలి, అందరూ ఒకేసారి తప్పుకోవాలి. ఒక్కడు చెయ్యి వేసినా మాల్ మొదలైనట్టే.

2025 జనవరి నుంచి ప్రపంచమంతటా ప్రయోగంగా తెచ్చిన మార్పు నాకు నచ్చలేదు. ఎదుటివాళ్లు పోటీకి ఎగరకపోతే బంతి తిన్నగా లేకపోయినా ఆట సాగిపోతుంది. ఈలలు తగ్గుతాయి, ఆట వేగం పెరుగుతుంది, నిజమే. కానీ నేలమీద ఉండటం ఒక ఆలోచన, ఒక ఎత్తుగడ. ఈ మార్పుతో, దాన్ని ఎంచుకున్న జట్టు ఎదుటి హుకర్‌కు తిన్నగా విసిరే బాధ్యత తగ్గించి పెడుతోంది. వరసల మధ్య ఉన్నది రెండు జట్లకూ సమానంగా దక్కాల్సిన ఖాళీ. ఎగరాలా వద్దా అన్నది వాళ్లిష్టం, తిన్నగా విసరడం మా పని.

అందుకే మా సాధనలో కుర్రవాళ్లు ఇప్పటికీ 15 మీటర్ల దూరం నుంచి గోల్‌పోస్టు మీది గుర్తుకు గురిపెట్టి విసురుతారు. జంపర్లతో ఆడేటప్పుడు ఎదుట ఎవరూ ఎగరకపోయినా సరే, వంకర బంతికి నేను ఈల వేస్తాను.